చెట్ల నీడలో పెరటి తోట (చొప్పదండి ప్రాంతం)

చెట్ల నీడలో పెరటి తోట అంటే, ఇంటి ఆవరణలోనో చెలక అంచునో ముందే ఎదిగి ఉన్న చెట్లను కొట్టేయకుండా, వాటి కొమ్మల కిందా కొమ్మల అంచునా ఇంటికి సరిపడా ఆకుకూరలు, దుంపలు, తీగ కూరగాయలు, పండ్లు పండించుకునే పద్ధతి. మామూలు పెరటి తోటకూ దీనికీ అసలు తేడా వాటాలో ఉంది. వెలుతురు, నీరు, నేలలోని సారం మూడింటిలోనూ చెట్టు ముందుగా తన వాటా తీసుకుంటుంది. మిగిలినదాంట్లోనే తోట బతకాలి.

ఈ వ్యాసం కరీంనగర్ జిల్లా చొప్పదండిని కేంద్రంగా తీసుకొని, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిస్థితులను వివరిస్తుంది. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ రెండు జిల్లాల నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వంటి కొత్త జిల్లాలు ఏర్పడినా, నేల తీరు, చెట్ల తీరు అన్నిచోట్లా దగ్గరగానే ఉంటాయి.

ప్రాంత స్వభావం

చొప్పదండి దాదాపు 18.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వాన ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు, కొన్ని రోజులు 45 డిగ్రీలకూ చేరుతుంది. నేలల్లో ఎర్రని చల్క, నల్ల రేగడి ప్రధానం. చల్కలో నీరు తొందరగా ఇంకిపోతుంది. రేగడి తడిని పట్టి ఉంచుతుంది కానీ వానాకాలంలో నీరు నిలుస్తుంది.

ఉత్తరాన గోదావరి దాటితే టేకు అడవులు. అక్కడా ఇక్కడా ఉన్నవి ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవులే. ఊళ్లలో ఇళ్ల చుట్టూ కనిపించేవి వేప, చింత, మామిడి, కానుగ, నేరేడు. గట్ల మీద టేకు, తుమ్మ, మోదుగ, తాడి, ఈత. 2015 జూలైలో మొదలైన హరితహారం మొక్కలు ఎదిగి, ఒకప్పుడు ఎండకు మాడిన చాలా వాకిళ్లు ఇప్పుడు నీడలోకి వచ్చాయి. నీడలో కూరగాయలెలా అన్న ప్రశ్న వచ్చింది ఈ కారణంగానే.

నీడ: రకాలు, కొలత

ఆకు వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటుంది, బతకడానికి అందులో కొంత ఖర్చు చేస్తుంది. వెలుతురు తగ్గుతూ పోతే ఒక దశలో తయారీ, ఖర్చు సమానమవుతాయి. అంతకన్నా తక్కువ వెలుతురులో మొక్క తన నిల్వను తిని క్షీణిస్తుంది. ఈ హద్దు ఒక్కో పంటకు ఒక్కో చోట ఉంటుంది. టమాట, వంకాయ, మిరప, బెండ వంటి కాయ పంటలకు రోజుకు 6 నుంచి 8 గంటల నేరు ఎండ కావాలి. ఆకుకూరలు 3, 4 గంటలతో సర్దుకుంటాయి. పసుపు, కంద, చామగడ్డ ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే వెలుతురులోనూ దుంప ఊరుతాయి. వాడుకలో 6 గంటలకు మించి ఎండ పడితే ఎండ చోటు, 3 నుంచి 6 గంటలు పడితే పలుచని నీడ, అంతకు తక్కువైతే దట్టమైన నీడ.

కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఉదయం 8 గంటలకు నీడ అంచు వెంట ముగ్గుపిండితో గీత గీయాలి. మధ్యాహ్నం 12కు ఒకటి, సాయంత్రం 4కు మరొకటి. పొద్దుగూకేసరికి నేల మీద మూడు గీతల పటం తేలుతుంది. మూడు గీతలకూ బయట ఉన్నది ఎండ చోటు, మూడింటి లోపలా పడ్డది దట్టమైన నీడ. ఇదే పని మే నెలలోనూ డిసెంబరులోనూ చేసినవారికి ఆ రెండు పటాలు ఒకదానికొకటి పోలవని వెంటనే అర్థమవుతుంది.

కారణం సూర్యుడి దారి. చొప్పదండిలో మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ రెంటి నడుమ కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు కనుక, అప్పుడు చెట్టు నీడ దాదాపు దాని కొమ్మల కిందే పడుతుంది. డిసెంబరు చివరన మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిక్కున 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 10 మీటర్ల చెట్టు నీడ ఉత్తరం వైపు 9 మీటర్ల దాకా సాగుతుంది. కాబట్టి చలికాలపు టమాట, వంకాయ, చిక్కుడు చెట్టుకు దక్షిణాన ఉండాలి. ఉత్తరాన వేస్తే పూత దశలో ఎండ అందదు. నీడ తోటల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం, వేసవిలో చూసిన నీడను ఏడాది పొడవునా ఉండే నీడగా అనుకోవడం వల్ల వచ్చేవే.

నీడ అనగానే నష్టం అనుకోవడం చల్లని దేశాల పుస్తకాల నుంచి వచ్చిన అలవాటు. ఉత్తర తెలంగాణలో మార్చి నుంచి జూన్ వరకు నీడ ఒక వనరు. అదే నీడ కోసం రైతులు డబ్బు పెట్టి 50 శాతం షేడ్ నెట్ కట్టి, దాని కింద కొత్తిమీర, పాలకూర పండిస్తున్నారు. ఎండ తీవ్రత తగ్గితే కొత్తిమీర తొందరపడి పూతకు రాదు, ఆకు ముదరదు. వేప చెట్టు ఆ పనిని ఖర్చు లేకుండా చేస్తుంది.

చెట్టును బట్టి నీడ

వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి వెంటనే చిగురిస్తుంది. ఏప్రిల్ నాటికి కొత్త ఆకు నిండి, ఎండను జల్లించినట్టు వదులుతుంది. పెరటి తోటకు ఈ ప్రాంతంలో ఇంతకన్నా అనువైన నీడ అరుదు. 2021లో తెలంగాణ అంతటా వేపలు కొమ్మ చివర్ల నుంచి ఎండిపోయినప్పుడు చాలామంది చెట్లు చచ్చాయనుకున్నారు. శిలీంధ్రం వల్ల వచ్చిన ఆ తెగులు నుంచి ఎన్నో చెట్లు మళ్లీ చిగురించాయి.

టేకు తీరు తిరగబడి ఉంటుంది. ఎండాకాలంలో నీడ కావలసినప్పుడు మోడుగా నిలబడుతుంది. వానాకాలంలో వెలుతురు కావలసినప్పుడు చేటంత ఆకులు కప్పేస్తాయి. పైగా వెడల్పాటి ఆకు మీద వాన నీరు కూడి పెద్ద బొట్లుగా రాలడంతో కింద మట్టి కొట్టుకుపోతుంది. టేకు కింద మడి వేస్తే పైన ఆకు చెత్త, గడ్డి మందంగా పరచడం తప్పనిసరి.

మామిడిది ఏడాదంతా ఉండే గట్టి నీడ. కొమ్మల అంచు కింద పసుపు, అల్లం, మామిడి అల్లం వస్తాయి, మొదలు దగ్గర ఏవీ రావు. చింత కింద మొక్క బతకదన్న మాటకు ఆధారం ఉంది. దాని ఆకుల నుంచి దిగే పదార్థాలు మొలకలను అణచివేస్తాయి. నీలగిరి (జామాయిల్) కూడా అంతే, నీటినీ తీవ్రంగా లాగుతుంది. ఈ రెండింటి కింద నేలలో కాకుండా గోనె సంచుల్లో, కుండీల్లో పెంచడమే మేలు. కానుగ, తుమ్మ, మునగ, అవిసె పప్పుజాతి చెట్లని తరచూ ఒకే గాటన కడతారు. మునగ పప్పుజాతి కాదు, తక్కినవి పప్పుజాతివే. కానుగ రొట్ట మంచి పచ్చిరొట్ట ఎరువు. మునగ నీడ పలుచన, దాని కింద బచ్చలి, తోటకూర బాగా వస్తాయి.

చరిత్ర

చెట్టును ఉంచి కింద తిండి పండించుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఆదిలాబాద్ గోండులు పొలాల్లో ఇప్ప చెట్లను నరకకుండా వదిలేవారు. ఇప్పపువ్వు వారికి ఆహారం, పానీయం, పూజాద్రవ్యం. కొండ వాలుల్లో కొలాములు పోడు చేస్తూనే అడవి గడ్డలు, ఆకులు, వెదురు కొమ్ములు ఏరి తెచ్చుకునేవారు. 1940ల్లో ఇక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ రచనల్లో ఈ జీవన విధానం నమోదైంది. మైదాన గ్రామాల్లో బావి గడ్డన, స్నానాల నీరు పారే చోట అరటి, చామగడ్డ, పుదీనా, కల్యామాకు ఉండేవి.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. కాకతీయ కాలువ నీరు అందుతూ వచ్చాక ఈ ప్రాంతంలో వరి విస్తరించింది. ఇంటి తిండికి పలు రకాలు వేసే అలవాటు దానితోపాటు వెనక్కి పోయింది.

ఇతర చోట్ల ఇదే ఆలోచన రకరకాల రూపాలు తీసుకుంది. కేరళ ఇంటి తోటలు, జావా ద్వీపపు పెకరంగన్ తోటలు శతాబ్దాల నాటివి. 1978లో ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ పర్మాకల్చర్ అన్న పేరుతో పుస్తకం తెచ్చారు. తెలంగాణలో ఆ పద్ధతిని కొప్పుల నర్సన్న, జహీరాబాద్ ప్రాంతంలో పనిచేసే అరణ్య సంస్థ వ్యాప్తి చేశారు. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలు హైదరాబాద్‌లోనూ జహీరాబాద్ దగ్గరి బిడకన్నె గ్రామంలోనూ జరిగాయి. చెట్లతో కూడిన సాగుకు జాతీయ విధానం ప్రకటించిన తొలి దేశం భారతదేశం, 2014లో. వాణిజ్య స్థాయిలో తెలుగువారు ఎరిగిన నీడ పంటలు మూడు: పాడేరు, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ కింది కాఫీ, మిరియాలు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లోని కోకో. ఇవి చొప్పదండికి సరిపోవు. ఇక్కడి వేసవి వేడికి, గాలిలో తేమ లేకపోవడానికి కాఫీ, మిరియాలు తట్టుకోలేవు.

పంటలు

దుంపలు. ఈ ప్రాంతపు నీడ తోటకు దుంపలే వెన్నెముక. పసుపు ఇందులో మొదటిది. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాలు పసుపుకు పేరుపడ్డవి, జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. లేత మామిడి తోటల్లో పసుపును అంతరపంటగా వేయడం ఇక్కడి రైతులకు అలవాటే. ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం పడుతుంది. ఆ లెక్కన 10 చదరపు మీటర్ల మడికి 2 నుంచి రెండున్నర కిలోలు చాలు. పంట కాలం 7 నుంచి 9 నెలలు.

కంద నీడను పసుపు కన్నా బాగా ఓర్చుకుంటుంది. కొవ్వూరు ఉద్యాన పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకం గొంతు దురద తక్కువగా ఉండటం వల్ల ఆదరణ పొందింది. అర కిలో ముక్కకు మొగ్గ భాగం కొంత తప్పకుండా ఉండేలా కోసి, పేడ నీళ్లలో ముంచి ఆరబెట్టి, రెండడుగుల దూరంలో గుంతలు తీసి నాటుతారు. చామగడ్డకు తడి ఎక్కువ కావాలి, బోరు గుంత, కుళాయి పక్కన వేయవచ్చు. అల్లానికి నీరు నిలవని ఎత్తు మడి కావాలి, లేకపోతే దుంపకుళ్లు తప్పదు. పెండలం తీగను చెట్టు మీదికే పాకించవచ్చు.

ఆకుకూరలు. పాలకూర, చుక్కకూర, మెంతి, కొత్తిమీర, పుదీనా, బచ్చలి, పొన్నగంటి పలుచని నీడలో వస్తాయి. తోటకూర, పుంటికూర కొంచెం ఎక్కువ వెలుతురు అడుగుతాయి. గంగవాయిలి కూర విత్తకుండానే తడి చోట మొలుస్తుంది. నీడలో ఆకు వెడల్పుగా, పలుచగా, మెత్తగా వస్తుంది. కాడ సన్నగా సాగి వాలిపోతుంటే వెలుతురు చాలడం లేదని అర్థం.

తీగలు. దొండ, కాకర, ఆనపకాయ, బీర తీగల వేళ్లు నీడలో ఉన్నా, తల ఎండలోకి పాకగలిగితే కాస్తాయి. బోడకాకర సంగతి వేరుగా చెప్పాలి. వానలు పడగానే అడవి అంచున పొదల మీద అల్లుకొని, కరీంనగర్ అంగళ్లలో మంచి ధర పలికే కాయ ఇది. దీనిలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. పూత వచ్చేదాకా రెంటికీ తేడా తెలియదు. పువ్వు వెనక పిందె ఆకారంలో ముళ్లున్న చిన్న బుడిపె కనిపిస్తే అది ఆడది, ఏమీ లేక సన్నని తొడిమ మాత్రమే ఉంటే మగది. అన్నీ ఆడ తీగలే ఉన్న పందిరి నిండా పూసి, ఒక్క కాయా నిలపదు. పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉంచి, మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు అద్దితే కాయ పడుతుంది. తీగ చలికాలంలో ఎండినా నేలలో దుంప బతికే ఉండి, మరుసటి తొలకరికి మొలకెత్తుతుంది. మడి తవ్వేటప్పుడు ఆ దుంపలను కలుపు గడ్డలనుకొని పారేయకూడదు.

పండ్లు. సీతాఫలం, వాక్కాయ పలుచని నీడను భరిస్తాయి. జామ, నిమ్మ, బొప్పాయిలకు ఎండ కావాలి.

పుట్టగొడుగులు. దట్టమైన నీడ తప్ప ఏమీ లేని చోట వరి గడ్డి మీద పెంచవచ్చు. గడ్డికి ఇక్కడ కొదవ లేదు. విత్తనం కొని పెంచినవే తినాలి. వానాకాలంలో చెట్ల కింద తమంతట మొలిచేవాటిలో విషపువీ ఉంటాయి.

తోట వేసే క్రమం

మొదటి పని కొమ్మలు పలచన చేయడం. నేల నుంచి 8, 10 అడుగుల ఎత్తు వరకు కింది కొమ్మలు తీస్తే పక్క నుంచి ఉదయపు, సాయంత్రపు ఎండ లోపలికి వస్తుంది. ఒక ఏడాదిలో చెట్టు కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయరాదు. మామిడిని కాయ కోత అయ్యాక, టేకును ఆకు రాలినప్పుడు కత్తిరించాలి.

రెండోది వేళ్లు. చెట్టు ఆహారం తీసుకునే సన్నని వేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. చాలా తోటల్లో నీడ కన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది ఈ పోటీయే. మొక్క వాడితే నీడ వల్లనుకుంటారు, గడ్డపారతో జానెడు తవ్వితే వెంట్రుకల్లాంటి వేళ్లు అల్లుకొని కనిపిస్తాయి. అందుకే నేలను లోతుగా దున్నకుండా, మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడులు పైకి కడతారు. చెరువు మట్టి, మాగిన పెంట, ఆకు ఎరువు కలిపి నింపుతారు. మట్టిని చెట్టు మొదలుకు ఆనించి పోస్తే బెరడు కుళ్లుతుంది, కనీసం మూడు నాలుగడుగుల దూరం వదలాలి. లావుపాటి వేళ్లను నరకకూడదు.

రాలిన ఆకులను కాల్చడం ఈ ప్రాంతపు చెడ్డ అలవాట్లలో ఒకటి. గుంతలో వేసి, పొరకొకసారి పేడ నీళ్లు చల్లి, తడి ఆరకుండా చూస్తే ఆరేడు నెలల్లో ఎరువవుతుంది. టేకు ఆకు ఆలస్యంగా మాగుతుంది, ముక్కలు చేసి వేయాలి.

చొప్పదండి పరిసరాల్లో కాలక్రమం కార్తెలను బట్టి నడుస్తుంది. రోహిణిలో మడులు సిద్ధం చేసి, మిరుగు వానలకు పసుపు, అల్లం, కంద, చామగడ్డ పెడతారు. బోడకాకర, దొండ, బచ్చలి కూడా అప్పుడే. వాన తెరిపిచ్చాక, చలి మొదలయ్యేటప్పుడు దక్షిణపు ఎండ చోట టమాట, వంకాయ, చిక్కుడు, నీడ అంచున మెంతి, పాలకూర. ఫిబ్రవరి తర్వాత ఆకుకూరల మడులను వేప నీడలోకి మార్చాలి. నీరు వానాకాలంలో అక్కర్లేదనుకోవడం పొరపాటు. చిన్న జల్లును ఆకులే పట్టేసుకుంటాయి, కింద నేల పొడిగానే ఉంటుంది.

సలహాకు జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం, జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం రాష్ట్రంలో ఉద్యాన పంటల చదువుకు, పరిశోధనకు కేంద్రం.

సమస్యలు

కోతులు ఉత్తర తెలంగాణలో పెరటి సాగును చాలా ఇళ్లలో మాన్పించాయి. వాటి కోసం నిర్మల్ జిల్లా చించోలి దగ్గర 2020లో సంరక్షణ కేంద్రమే తెరవవలసి వచ్చింది. చెట్లున్న చోటికి అవి తేలికగా చేరతాయి, టమాట, బెండ, జామ మిగలవు. ఘాటైన పసుపు, అల్లం, దురద పెట్టే కంద జోలికి అంతగా రావు. దుంపలు ఎంచుకోవడానికి నీడ ఒక కారణమైతే, ఇది అంతకు తక్కువ కాని రెండో కారణం. అడవి దగ్గరి ఊళ్లలో అడవి పందులు చామగడ్డను తవ్వేస్తాయి, అక్కడ కంచె తప్పదు.

తేమ నిలవడం వల్ల నారుకుళ్లు, బూడిద తెగులు, దుంపకుళ్లు వస్తాయి. మొక్కల మధ్య దూరం పెంచి గాలి ఆడేలా చేయాలి, పెంటలో ట్రైకోడెర్మా కలిపి వేయాలి. నత్తలను సాయంత్రం తడి గోనె పట్టాలు పరచి, తెల్లవారి వాటి కింద చేరినవాటిని ఏరివేయవచ్చు. ఆకుల కుప్పల్లో కట్లపాము వంటివి చేరతాయి కనుక ఎరువు గుంత ఇంటి గోడకు దూరంగా ఉండాలి, రాత్రి టార్చి లేకుండా తోటలోకి వెళ్లరాదు.

చట్టపరమైన అంశాలు

చెట్టు మన స్థలంలో ఉన్నా కొట్టడానికి అనుమతి అవసరం కావచ్చు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) తెలంగాణలోనూ అమల్లో ఉంది. టేకు కలపను తరలించడానికి అటవీ శాఖ అనుమతి వేరుగా కావాలి. కొమ్మలు పలచన చేసి చెట్టును ఉంచుకునే ఈ పద్ధతిలో ఆ అవసరం సాధారణంగా రాదు.

ప్రాధాన్యం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ఒక వ్యక్తికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు సూచించాయి. నలుగురున్న ఇంటికి అది రోజుకు కిలోన్నరకు పైనే. అరగుంట, అంటే 60 గజాల నీడ చోటు ఈ మొత్తాన్ని ఇవ్వలేదు. అంగట్లో ధర మండిపోయే వేసవి నెలల్లో ఆకుకూరలు, ఏడాదికి సరిపడా పసుపు, కొన్ని నెలల దుంప కూరలు మాత్రం ఇవ్వగలదు.

విత్తనం నిల్వ

పసుపు ఆకు పండి వాలాక, జనవరి నుంచి మార్చి లోపు తవ్వుతారు. వాడకానికి ఉంచినదాన్ని ఉడికించి ఎండబెడితే, పచ్చి పసుపులో దాదాపు అయిదో వంతు మిగులుతుంది. విత్తనానికి ఉంచినదాన్ని ఉడికించరు, ఎండకు చూపరు. తెగులు లేని తల్లి దుంపలను ఏరి, అదే చెట్టు కింద గట్టి నీడలో కుప్ప పోసి, పైన ఎండిన పసుపు ఆకు కప్పి, మట్టీ పేడా కలిపి మెత్తుతారు. ఆ కుప్ప వేసవి అంతా అక్కడే ఉంటుంది. రోహిణి కార్తెలో పగలగొట్టి చూసేసరికి దుంపల కళ్లు తెల్లగా ఉబ్బి, నాటడానికి సిద్ధంగా ఉంటాయి.